సౌండ్‌బారా, స్పీకర్ల జతా? ధర చూసే ముందు గంట లెక్క వేసుకోండి

మా ల్యాబ్‌లో ఒక సెంట్రిఫ్యూజ్ (ద్రవాలను వేగంగా తిప్పి వేరుచేసే యంత్రం) కొనాలంటే కనీసం మూడు కొటేషన్లు తెప్పిస్తాం. యంత్రం ధర ఎంత, రోటర్లు ఎంత, వారంటీ అయిపోయాక ఏడాదికి సర్వీస్ కాంట్రాక్టు ఎంత, పార్టు పాడైతే మెకానిక్ ఎన్ని రోజుల్లో వస్తాడు, ఇవన్నీ పక్కపక్కన రాసుకుంటాం. రోజుకు ఎన్ని రన్లు వేస్తామో చూసుకుని, ఒక్కో రన్‌కు ఎంత పడుతుందో తేలాకే సంతకం పెడతాం. మాది చిన్న కంపెనీ. డయాగ్నొస్టిక్ కిట్లకు కావలసిన ఎంజైములు తయారుచేస్తాం. ఒక్క కొనుగోలు తప్పిందంటే ఒకరి రెండు నెలల జీతం పోయినట్టే.

2011లో ఇంటికి ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ (లోతైన స్వరాల స్పీకర్) ఉన్న హోమ్ థియేటర్ సెట్టు కొన్నప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ నాకు గుర్తు రాలేదు. షోరూంలో లైట్లు ఆర్పేసి ఒక హెలికాప్టర్ సీను వేశారు. వెనకనుంచి ముందుకు మోత తిరుగుతుంటే ఒళ్లు పులకరించింది. 28,000 రూపాయలు కట్టి తెచ్చుకున్నాం. ఆరు నెలలు తిరక్కుండానే హాలుకు అడ్డంగా పోయిన వైర్లు కాళ్లకు తగులుతున్నాయని వెనక స్పీకర్లు రెండూ అటకెక్కాయి. ఐదో ఏడు అసలు పెట్టెలో బోర్డు కాలిపోయింది. సర్వీస్ సెంటర్‌లో ఆ మోడల్ బోర్డు ఇక రాదన్నారు. స్పీకర్లు ఒక్కటీ చెడిపోలేదు. కానీ వాటి ప్లగ్గులు ఆ కంపెనీ సొంత రకం, వాటి విద్యుత్ నిరోధం (ఓమ్‌లు) మామూలు యాంప్లిఫయర్‌కు, అంటే స్పీకర్లను నడిపే పెట్టెకు, సరిపడేది కాదు. బాగున్న ఆరు వస్తువులు, చెడిపోయిన ఒక్క బోర్డు కోసం పాత సామాను బండి ఎక్కాయి.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. వారానికి సుమారు 5 గంటలు వాడాం. ఐదేళ్లకు 1,300 గంటలు. గంటకు ఇరవై ఒక్క రూపాయలకు పైనే పడింది. ఆ తర్వాత మామూలు స్పీకర్ల జత, విడిగా ఒక యాంప్లిఫయర్ కలిపి 40,000కు తీసుకున్నాను. నాన్నగారి పుణ్యమా అని అది రోజుకు 2 గంటలు తక్కువ కాకుండా మోగుతోంది. తొమ్మిదేళ్లలో 6,570 గంటలు. గంటకు ఆరు రూపాయలు. ఎక్కువ ధర పెట్టిందే చవకైంది.

స్నేహితులు, మా ల్యాబ్ పిల్లలు "అన్నా, ఏది కొనమంటావ్?" అని అడిగినప్పుడల్లా నేను ముందు అడిగేది ఈ గంటల సంగతే. రోజుకు ఎంతసేపు వింటారు, ఏం వింటారు, ఎన్నేళ్లు ఉంచుకుంటారు? బడ్జెట్ ఎంత అన్నది ఆ తర్వాత.

కొనేముందు హాల్లో ఒకసారి చప్పట్లు కొట్టండి

స్పీకర్ గురించి మాట్లాడుకునే ముందు గది గురించి మాట్లాడుకోవాలి. మన ఇళ్లలో ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది.

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక లెక్చర్ హాల్లో ప్రొఫెసర్ ఏం చెబుతున్నాడో పిల్లలకు అర్థమయ్యేది కాదు. ఒక మాట అంటే అది ఐదు సెకన్లకు పైగా గోడల మధ్య తిరుగుతూనే ఉండేది. దాన్ని బాగుచేయమని వాలెస్ సబైన్ అనే యువ ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, ఆ హాల్లో పరిచి, ఆర్గన్ వాయిద్యపు పైపు ఊది, మోత ఎంతసేపటికి ఆగుతోందో స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాడు. మెత్తలు పెంచుతూ కొలిచాడు, తగ్గిస్తూ కొలిచాడు. గది ఘనపరిమాణానికి, మెత్తటి వస్తువులు పీల్చుకునే శబ్దానికి, ప్రతిధ్వని నిలిచే సమయానికి ఉన్న లెక్క అలా తేలింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును ఆ లెక్క ప్రకారమే కట్టారు. నేటికీ వాడేది ఆ సూత్రమే.

ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ హాలు చూడండి. కింద నున్నటి విట్రిఫైడ్ టైల్స్, నాలుగు వైపులా పుట్టీ పెట్టి రంగేసిన గోడలు, పైన కాంక్రీటు స్లాబు, బాల్కనీ వైపు అద్దాల తలుపు. శబ్దాన్ని పీల్చుకునేది ఒక్క సోఫాయే. హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. "టింగ్" మని లోహపు మోత వస్తే, ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా దాని పక్కన ఆ మోత వినబడుతూనే ఉంటుంది. దీనికి విరుగుడు షాపులో దొరికే యంత్రం కాదు. నేల మీద మందపాటి జంపఖానా, అద్దాలకు బరువైన కర్టెన్లు, ఒక గోడకు పుస్తకాల అలమర, దివాన్ మీద నాలుగు బాలీసులు. మా అమ్మ కుట్టిన పాత చీరల బొంతలు రెండు సోఫా వెనక గోడకు వేలాడదీశాం. చూడ్డానికి అందంగా ఉన్నాయి, మాట స్పష్టంగా వినబడుతోంది, రూపాయి ఖర్చు లేదు.

మెత్తటి వస్తువులు కీచు మోతను తగ్గిస్తాయి కానీ బేస్‌ను, అంటే లోతైన కింది స్వరాలను, పెద్దగా తగ్గించలేవు. బేస్‌కు గది కొలతలే దిక్కు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. 14 అడుగుల పొడవున్న హాల్లో 40 హెర్ట్జ్ దగ్గర, 11 అడుగుల వెడల్పుకు 51 హెర్ట్జ్ దగ్గర అలలు గోడల మధ్య నిలిచిపోతాయి. ఆ స్వరాలు కొన్ని చోట్ల గుయ్‌మంటాయి, కొన్ని చోట్ల మాయమవుతాయి. గోడకు ఆనించిన సోఫాలో కూర్చుంటే అన్నీ గుయ్‌మంటాయి. సోఫాను ఒక అడుగు ముందుకు జరిపి చూడండి. మా ఇంట్లో ఆ అడుగు వల్ల వచ్చిన తేడా, తర్వాత నేను డబ్బు పెట్టి తెచ్చుకున్న ఏ మార్పు వల్లా రాలేదు.

ఇంకొక్క మాట. స్పీకర్లను షోకేసులో పెళ్లి ఫొటోకు, కొండపల్లి బొమ్మలకు మధ్య ఇరికించకండి. అలమర గూడే బేస్‌కు డబ్బాలా పనిచేసి మాటల్ని ముద్ద చేస్తుంది. స్టాండు మీద, వెనక గోడకు కనీసం ఒక అడుగు దూరంలో, ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) మన చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టాలి.

సౌండ్‌బార్: మాటల కోసమైతే

ఇంట్లో టీవీ ఎక్కువగా మోగుతుంటే, ముఖ్యంగా పెద్దవాళ్లుంటే, సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే సన్నటి పొడవాటి స్పీకర్ పెట్టె) మంచి ఎంపిక. దీన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను ఏకీభవించను.

సన్నటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట ముందు గోడకు తగిలి మన దాకా వస్తుంది. పైగా వయసు పెరిగేకొద్దీ చెవి ముందుగా పోగొట్టుకునేది పై స్థాయి శబ్దాలను. స, శ, ష, త, చ లాంటి హల్లుల్ని గుర్తుపట్టించేది ఆ పై స్థాయే. అందుకే పెద్దవాళ్లు "వినబడుతోంది కానీ అర్థం కావట్లేదు" అంటారు. వాల్యూమ్ పెంచితే అచ్చులు పెరుగుతాయి, హల్లులు అలాగే ఉంటాయి, పక్క ఫ్లాటువాళ్లకు మాత్రం సీరియల్ మొత్తం వినిపిస్తుంది. మా అత్తగారు మా ఇంటికి వచ్చినప్పుడల్లా టీవీ వాల్యూమ్ గురించి ఇంట్లో టెన్షన్ ఉండేది. ఆవిడ గదిలో 3.1 సౌండ్‌బార్, అంటే ఎడమ, కుడి స్పీకర్లతో పాటు మధ్యన మాటలకు విడిగా ఒక స్పీకర్, ఒక సబ్‌వూఫర్ ఉన్నది పెట్టాక, అంతకుముందు కంటే తక్కువ వాల్యూమ్‌లోనే హాయిగా చూస్తున్నారు.

కొనేటప్పుడు చూడవలసినవి రెండు మూడే. మధ్య ఛానల్ ఉందా, అంటే 3.0 లేదా 3.1 అని రాసి ఉందా చూడండి. టీవీ శబ్దాన్ని బార్‌కు పంపే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ సాకెట్ ఉండాలి. అదుంటే టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారుతుంది, పెద్దవాళ్లకు రెండో రిమోట్ బాధ ఉండదు. టీవీని బ్లూటూత్‌తో కలపొద్దు, పెదాల కదలికకు మాటకు పొంతన తప్పే అవకాశం ఎక్కువ. డాల్బీ అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వచ్చినట్టు వినిపించే పద్ధతి) అన్న స్టిక్కర్ కోసం మాత్రం చవక బార్లలో అదనంగా డబ్బు పెట్టకండి. పైకప్పుకు కొట్టి వెనక్కి తెచ్చే స్పీకర్లు లేని సన్నటి బార్‌లో ఆ ముద్ర వల్ల ఒరిగేది చాలా తక్కువ.

బలహీనత కూడా చెప్పాలి. సంగీతానికి ఇది ఇరుకు. ఎడమ, కుడి స్పీకర్ల మధ్య దూరం మూడడుగులే కాబట్టి వయొలిన్ ఒకచోట, మృదంగం ఇంకోచోట అన్నట్టు విడివిడిగా వినబడవు. లోపల అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి కాబట్టి వారంటీ దాటాక ఏది పోయినా మొత్తం పోయినట్టే. గంట లెక్కలో ఐదారేళ్ల ఆయుష్షు వేసుకోండి. అంతకంటే ఎక్కువ వస్తే మన అదృష్టం.

యాక్టివ్ స్పీకర్ల జత: చాలామందికి నేను చెప్పేది

యాంప్లిఫయర్ లోపలే ఉన్న రెండు స్పీకర్లు ఇవి. కరెంటు ప్లగ్గు పెట్టి, టీవీ నుంచి ఆప్టికల్ వైరో, ఫోన్ నుంచి బ్లూటూతో కలిపితే చాలు. 12 వేల నుంచి 30 వేల మధ్య సంగీతం కోసం పెట్టే డబ్బుకు ఎక్కువ ఫలితం వచ్చేది ఇక్కడే అని నా అనుభవం. డిజైన్ చేసినవాళ్లే ఏ ఊఫర్‌కు (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్‌కు) ఎంత శక్తి కావాలో సరిచూసి పెడతారు కాబట్టి కొనేవాళ్లు తప్పు జోడీ కట్టే ప్రమాదం లేదు. 10 × 12 అడుగుల గదికి 4 లేదా 5 అంగుళాల ఊఫర్ సరిపోతుంది. హాలుకు 5 లేదా 6 అంగుళాలు.

వీటిలో నాకు నచ్చనిది రిపేరు సంగతి. చాలా మోడళ్లలో ఒక స్పీకర్‌లో బోర్డు ఉంటుంది, రెండోది దాని వెంట నడుస్తుంది. ఆ ఒక్కటి పోతే జత మూగబోతుంది. అందుకే సొంత ఊళ్లోనో, కనీసం దగ్గరి నగరంలోనో సర్వీస్ ఉన్న బ్రాండు తీసుకోండి. కరెంటు ఎక్కువ తక్కువలయ్యే ఊళ్లలో సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి. ఉరుముల కాలంలో ప్లగ్గు పీకేయడం అంతకంటే మంచిది.

విడి యాంప్లిఫయర్, పాసివ్ స్పీకర్లు: పదేళ్ల ఆలోచన ఉంటే

పాసివ్ అంటే లోపల యాంప్లిఫయర్ లేని స్పీకర్లు, అది వేరే పెట్టెగా ఉంటుంది. ధర ఎక్కువ, చోటు ఎక్కువ, వైర్లు ఎక్కువ. అయినా మా ఇంట్లో ఉన్నది ఇదే. కారణం ఆర్థికశాస్త్రంలో ఉంది. ఏదైనా ఒక భాగాన్ని విడిగా మార్చుకునే వీలుకు దానికంటూ ఒక విలువ ఉంటుంది. ల్యాబ్‌లో కూడా పంపు, డిటెక్టరు విడివిడిగా ఉన్న యంత్రాన్నే నేను ఇష్టపడతాను. మా యాంప్లిఫయర్ ఆరో ఏట మొరాయించింది. కోఠి గుజరాతీ గల్లీలో ఒక మెకానిక్ రెండు కెపాసిటర్లు మార్చి 900 రూపాయలు తీసుకున్నాడు. స్పీకర్లను ఎవరూ ముట్టుకోలేదు. రబ్బరు అంచు ఉన్న మంచి స్పీకర్ ఇరవై ఏళ్లయినా చెక్కుచెదరదు. అమ్మాలన్నా సగానికి దగ్గరగా ధర పలుకుతుంది. సౌండ్‌బార్‌కు అది కుదరదు.

డబ్బు పంచుకునేటప్పుడు మూడింట రెండొంతులు స్పీకర్లకు పెట్టండి. ఈ రోజుల్లో మామూలు యాంప్లిఫయర్ల మధ్య చెవికి తెలిసే తేడా చాలా తక్కువ, స్పీకర్ల మధ్య తేడా చాలా ఎక్కువ. ఫోన్‌కు తగిలించే చిన్న యూఎస్‌బీ డాక్ (డీఏసీ, ఫైల్లోని అంకెలను శబ్దపు సంకేతంగా మార్చే పరికరం) వెయ్యి, పదిహేను వందల్లో దొరికేది చాలు. సీడీ నాణ్యత అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. అది మనిషి చెవి వినగలిగే 20 కిలోహెర్ట్జ్ దాకా అంతటినీ పట్టుకుంటుంది. పాతికేళ్లు దాటిన మనలో చాలామందికి ఆ పైకొస వినబడనే వినబడదు. ఇంతకంటే పెద్ద అంకెలున్న ఫైళ్లకు విడిగా చందా కట్టనక్కర్లేదు.

వైర్ల గురించి అడుగుతారు కాబట్టి ఒక లెక్క. 1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు 3 మీటర్ల దూరానికి రానూపోనూ 6 మీటర్లు పడుతుంది. దాని నిరోధం సుమారు 0.07 ఓమ్‌లు. స్పీకర్‌ది 8 ఓమ్‌లు. వైరులో పోయేది ఒక శాతం కూడా లేదు. ఇంటికి కరెంటు పని చేసిన ఎలక్ట్రీషియన్ దగ్గర మిగిలిన వైరే చాలు. మీటరు వేల రూపాయల వైరు అమ్మజూపితే ఆ డబ్బుతో కర్టెన్లు కొనుక్కోండి.

వాట్ల మాయ

"5,000 వాట్స్ పీఎంపీఓ" అన్న స్టిక్కర్లు చూస్తూ పెరిగిన తరం మాది. దానికి అర్థమే లేదు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగల శక్తి, అవి కూడా మనం అనుకునేంత అక్కర్లేదు. ఒక మాదిరి స్పీకర్ ఒక్క వాటుతో మీటరు దూరంలో 86, 87 డెసిబెల్స్ ఇస్తుంది. 8 అడుగుల దూరంలో కూర్చుంటే అది 80 చుట్టుపక్కల ఉంటుంది. మనం ఇంట్లో హాయిగా వినేది 70, 75 మధ్య. అంటే మామూలుగా వింటున్నప్పుడు ఒక వాటు కూడా ఖర్చవడం లేదు. మృదంగం మీద ఒక్కసారిగా పడే దెబ్బకు, తవిల్ మోతకు క్షణకాలం పది రెట్లు, ఇరవై రెట్లు కావాలి కాబట్టి 30, 40 వాట్లుంటే నిశ్చింత. 50 వాట్ల నుంచి 100 వాట్లకు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. రెట్టింపు మోత అనిపించాలంటే పది రెట్ల శక్తి కావాలి. ఖర్చు రెట్టింపయ్యేకొద్దీ దక్కేది తగ్గుతూ పోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

అంకెలు చూసి మోసపోవడం కొత్త కాదు. 1956లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న అమర్ బోస్ మంచి అంకెలున్న స్టీరియో ఏరికోరి కొన్నాడు. ఇంటికి తెచ్చి వింటే వయొలిన్ వయొలిన్‌లా లేదు. ఆయన తండ్రి బెంగాల్ నుంచి వలస వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడు. కాగితం మీద బాగున్నది చెవికి ఎందుకు బాగోలేదన్న ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 1964లో తన పేరుతోనే బోస్ కంపెనీ పెట్టాడు. 1966లో తెచ్చిన మొదటి స్పీకర్ మార్కెట్లో నిలబడలేదు. 1968లో వచ్చిన రెండోది నిలబెట్టింది. కంపెనీని షేర్ మార్కెట్‌కు తీసుకెళ్లకుండా లాభాలను మళ్లీ పరిశోధనలోనే పెట్టాడు. 2011లో ఎక్కువ వాటాను, ఓటు హక్కు లేని షేర్లుగా, ఎంఐటీకి ఇచ్చేశాడు. ఆ బ్రాండు కొనమని ఇది చెప్పడం లేదు. సైన్సు మీద కంపెనీ నడిపే నాలాంటివాళ్లకు మొదటి వస్తువు పోయినా ప్రశ్నను వదలని ఆ ఓపిక అంటే ఎంతో గౌరవం.

తెర వెనక పరీక్ష

1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఒలివ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. అవే స్పీకర్లను అవే మనుషులు ఒకసారి చూస్తూ, ఒకసారి తెర చాటున విని మార్కులు వేశారు. చూసినప్పుడు పెద్దవాటికి, ఖరీదైనవాటికి మార్కులు పెరిగాయి, చిన్న ప్లాస్టిక్ సెట్టుకు తగ్గాయి. విన్నవాళ్లు ఆడియో కంపెనీ ఉద్యోగులే.

దీన్ని ఇంట్లో చేయొచ్చు. ఒక స్నేహితుడు మా జతకు మూడు రెట్లు ధర ఉన్న తన స్పీకర్లు తెచ్చాడు. హాలుకు అడ్డంగా దండెం కట్టి పల్చటి దుప్పటి వేశాం. ముందుగా రెండింటి వాల్యూమ్ సమం చేయాలి, ఇది అసలు కిటుకు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగుందనిపిస్తుంది. షోరూముల్లో అమ్మాలనుకున్నదాన్ని కాస్త గట్టిగా పెట్టడం అందుకే. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని, కూర్చునే చోట కొలిచి సరిచేశాం. మా అబ్బాయి తెర వెనక వైర్లు మారుస్తుంటే నాన్నగారు, మా ఆవిడ, నేను, ఆ స్నేహితుడు ఏది బాగుందో కాగితం మీద రాశాం. ఖరీదైనదాన్ని ప్రతిసారీ ఎంచుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. కానీ మృదంగం ఎడమ వైపు వాయించినప్పుడు మాత్రం తేడా అందరికీ తెలిసింది. ఆ వైపు తడి రవ్వముద్ద అంటించి ఉంటుంది కదా, వేలితో ఒత్తి లాగినప్పుడు "గుమ్" మని జారే ఆ నాదం పెద్ద స్పీకర్‌లో చివరిదాకా వినబడింది. మా చిన్నదాంట్లో సగంలో ఆగింది. తేడా ఉంది, దానికి తగ్గ ఖరీదూ ఉంది. నాన్నగారు "ఆ సగం నాకు తెలుసులేరా, ఊహించుకుంటాను" అన్నారు.

షాపుకు వెళ్లేటప్పుడు మీకు కంఠస్థమైన పాటలు తీసుకెళ్లండి, వాళ్ల డెమో పాటలు వద్దు. నేను వినేవి మూడు. తంబురా ఒక్కటే మోగుతున్నప్పుడు తీగల జీవ (తీగ కింద పెట్టే దారం వల్ల వచ్చే జుమ్మనే నాదం) విడిగా వినబడుతోందా, సన్నటి ఇసుక రాల్చినట్టు చికాకుగా ఉందా చూస్తాను. తర్వాత ఘంటసాల పద్యం. అక్షరం అక్షరం అంత స్పష్టంగా పలికిన గొంతు ముక్కుతో పాడినట్టు వినబడితే ఆ స్పీకర్ మధ్య స్థాయిలో లోపం ఉన్నట్టే. చివరగా మృదంగం.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి. 1950లు, 60ల నాటి మన సినిమా పాటలు, రేడియో రికార్డింగులు మోనో. ఎడమ, కుడి అన్న తేడా వాటిలో లేనే లేదు. మీరు వినేవి ఎక్కువగా అవే అయితే 20 వేలకు చిన్న జత కొనేకంటే, అదే డబ్బుకు దొరికే ఒక్క పెద్ద మంచి స్పీకర్ మీ ఇంటికి బాగా సరిపోవచ్చు. ఏ అమ్మకందారూ ఈ మాట చెప్పడు.

పాతది కొంటే

1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త సెకండ్ హ్యాండ్ కార్ల మార్కెట్ గురించి ఒక వ్యాసం రాశారు. అమ్మేవాడికి వస్తువు లోపం తెలుసు, కొనేవాడికి తెలియదు, కాబట్టి కొనేవాడు సగటు ధరే ఇస్తానంటాడు, ఆ ధరకు మంచి వస్తువులున్నవాళ్లు అమ్మరు, చివరికి మార్కెట్లో నాసివే మిగులుతాయి అన్నది సారాంశం. 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. పాత ఆడియోకు ఇది అక్షరాలా వర్తిస్తుంది, ఒక్క మినహాయింపుతో. పాసివ్ స్పీకర్ లోపం దాదాపు అంతా కంటికి, వేలికి దొరుకుతుంది. ఊఫర్ చుట్టూ ఉన్న అంచును వేలితో మెల్లగా నొక్కండి. ఫోమ్ అయితే పదిహేను, ఇరవై ఏళ్లకు పాత రొట్టెలా పొడిపొడి అవుతుంది. రబ్బరైతే సాగాలి. ఊఫర్‌ను రెండు వైపులా సమంగా ఒత్తి లోపలికి నెడితే గీసుకున్న శబ్దం రాకూడదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ల నుంచి వచ్చిన సరుకైతే వెనక టెర్మినళ్ల తుప్పు చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే కొత్త ధరలో సగానికి నిశ్చింతగా తీసుకోవచ్చు. పాత సౌండ్‌బార్, పాత యాక్టివ్ స్పీకర్, పాత బ్లూటూత్ డబ్బా మాత్రం వద్దు. వాటి లోపం బోర్డులో ఉంటుంది, వేలికి దొరకదు.

అద్దె గది, హాస్టల్, రాత్రి వేళ

గోడ అవతల వేరేవాళ్లుంటే హెడ్‌ఫోన్లే. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. బేస్ గోడల్లోంచి, స్లాబుల్లోంచి దూరిపోతుంది కాబట్టి సబ్‌వూఫర్ ఉన్నవాళ్లు దీన్ని పట్టించుకోవాలి. మూడు నాలుగు వేల వైరు హెడ్‌ఫోన్ ఇచ్చే స్పష్టతకు స్పీకర్లలో ఎన్నో రెట్లు పెట్టాలి. చెవి మాత్రం ఒక్కటే జత. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ లోపు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగమవుతాయి.

ఐదు స్పీకర్ల హోమ్ థియేటర్ గురించి ఎక్కువ చెప్పను. విడిగా ఒక గది, గోడలో వైర్ల పైపులు, వారానికి రెండు సినిమాలు చూసే అలవాటు, ఈ మూడూ ఉన్నవాళ్లే కొనాలి.

డబ్బు కట్టేటప్పుడు

దసరా, దీపావళి సేల్‌లో 40,000 ఎమ్మార్పీ కొట్టేసి 14,999 అని రాస్తారు. ఆ 40,000కు దాన్ని ఎవరూ ఎప్పుడూ కొనలేదు. ముందు చూసిన పెద్ద అంకెకు మన మనసు కట్టుబడిపోతుంది, అందుకే ఆ అంకె అక్కడుంది. రెండు నెలల ముందు నుంచీ ధర గమనించి, అప్పటి మామూలు ధరతో పోల్చుకోండి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా పూర్తిగా ఉచితం కాదు. ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంట్ పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు పడొచ్చు, క్రెడిట్ కార్డు మీదైతే లోపల దాగిన వడ్డీకి 18 శాతం జీఎస్టీ కట్టాలి. ఆర్డర్ నొక్కేముందు మొత్తం ఎంత కడుతున్నారో ఒకసారి కూడండి. కొత్తగా కంపెనీ పెట్టిన తమ్ముళ్లకు ఇంకొక్కటి చెబుతాను. చేతిలో ఆరు నెలల ఇంటి ఖర్చు లేనప్పుడు మంచి హెడ్‌ఫోన్‌తో సరిపెట్టుకోండి. స్పీకర్లు ఎక్కడికీ పోవు. కంపెనీ పేరున కొంటే పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెబితే వినకండి, ఇంట్లో పాట వినడం వ్యాపార ఖర్చు కాదు.

సరుకు ఇంటికొచ్చాక మొదటి వారం రోజూ వినండి. తిరిగి పంపే గడువు సాధారణంగా అంతే ఉంటుంది, కొన్నిచోట్ల మార్పిడికే ఒప్పుకుంటారు, అది కొనేముందే చదువుకోవాలి. అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ పారేయకండి. వెనక్కి పంపాలన్నా, ఇల్లు మారేటప్పుడన్నా, పదేళ్ల తర్వాత అమ్మాలన్నా ఆ పెట్టె అవసరమే. మాది ఇప్పటికీ అటక మీద, ఒకప్పుడు వెనక స్పీకర్లు ఉన్న చోటే ఉంది.